తక్‌పట్టీల కట్ట నుంచి డేటాబేస్ దాకా: అడ్తి దుకాణం లెక్కలకు ఒక పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఏ అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) చూసినా తక్‌పట్టీ పుస్తకాల కట్టలు (బరువు, రేటు, కోతలు రాసి రైతుకిచ్చే చీటీలవి), రైతుల ఖాతా పుస్తకం, కంప్యూటర్లో ఒక ఎక్సెల్ ఫైలు ఉంటాయి. ఫలానా రైతుకు ఎంత రావాలో వాటిలో దొరుకుతుంది. కానీ ఫిబ్రవరిలో తేజ మిర్చికి సగటున ఎంత పడింది, ఏ ఖరీదుదారు బస్తాకు ఎంత తరుగు తీస్తున్నాడు, మద్దతు ధర కంటే తక్కువకు పోయిన పత్తి ఎన్ని క్వింటాళ్లు అని అడిగితే పుస్తకాలన్నీ తిరగేయాల్సి వస్తుంది. ఇలాంటి ప్రశ్నలకు నిమిషంలో జవాబు వచ్చేలా ఆ కాగితాలను డేటాబేస్‌లోకి ఎక్కించే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం.

దీనికి ఎస్‌క్యూలైట్ చాలు. డి. రిచర్డ్ హిప్ 2000లో తెచ్చిన ఈ డేటాబేస్ ఉచితం. సర్వర్ అక్కర్లేదు, డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది, పాత కంప్యూటర్ మీదా హాయిగా నడుస్తుంది. తెర మీద చూసుకుంటూ పనిచేయడానికి డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాశాం. మీరు టైప్ చేసేటప్పుడు సెలెక్ట్, ఫ్రమ్, వేర్ లాంటివి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. టేబుళ్లకు, కాలమ్‌లకు మాత్రం తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, ఎస్‌క్యూలైట్ ఒప్పుకుంటుంది. పేరులో రెండు మాటలుంటే మధ్యలో ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టండి.

మొదటి నుంచి చివరి దాకా పట్టుకోవాల్సిన నియమం ఒకటుంది. జరిగినదాన్ని జరిగినట్టు, ఒకే చోట, ఒక్కసారే రాయాలి. మొత్తాలు, సగటులు, బాకీలు రాసిపెట్టకూడదు, అడిగినప్పుడల్లా లెక్క కట్టించాలి. చాలా ఎక్సెల్ ఫైళ్లు పనికిరాకుండా పోయేది ఇది తప్పినందుకే. ఒక షీటులో బాకీ దిద్ది, రెండో షీటులో దిద్దకపోతే రెండు నిజాలు తయారవుతాయి. ఏది అసలుదో ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు.

టేబుళ్లు గీయడం

కంప్యూటర్ తెరిచే ముందు ఒక కాగితం మీద పది ప్రశ్నలు రాయండి. మీ దుకాణంలో నిజంగా అడిగేవే రాయాలి. ప్రతి ప్రశ్నకూ ఏయే సంగతులు కావాలో దాని కింద రాయండి. "ఖరీదుదారు వారీగా బస్తాకు తరుగు" కావాలంటే స్థూల బరువు, తరుగు, బస్తాల సంఖ్య విడివిడిగా ఉండాలి. నికర బరువు ఒక్కటే రాసుకుంటే ఆ ప్రశ్న ఇక జన్మలో అడగలేరు. రైతుకు అన్యాయం ఎక్కువగా జరిగేది తరుగులోనే కాబట్టి ఈ ఒక్క కాలమ్ విషయంలో బద్ధకించవద్దు.

తక్‌పట్టీని గమనిస్తే అందులో మూడు రకాల సంగతులు కలిసి ఉంటాయి. ఎవరు అనేది (రైతు, ఊరు, ఖరీదుదారు) మొదటిది, ఏం జరిగింది అనేది (తేదీ, లాట్ అంటే విడిగా అమ్మకానికి పెట్టిన కుప్ప, బస్తాలు, కాంటా, రేటు) రెండోది, ఎంత కోత పడింది అనేది (కమీషన్, హమాలీ, కాంటా వేసే దడువాయి చార్జీలు, వెంటనే నగదు ఇచ్చినందుకు కోసే క్యాష్ కటింగ్) మూడోది. వీటిని వేరు చేయాలి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి సారం ఇదే. డేటాను మామూలు టేబుళ్లుగా పెట్టి, ఒక టేబుల్‌లోని విలువ ద్వారా ఇంకో టేబుల్‌ను చేరుకోవాలి. ఆ టేబుళ్లను మనుషులు అడగగలిగే భాషను 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ తెచ్చారు. నేటి ఎస్‌క్యూఎల్ దాని నుంచే వచ్చింది.

మన పనికి ఏడు టేబుళ్లు సరిపోతాయి.

రైతు: వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, గ్రామ కోడు, ఫోను.
గ్రామం: కోడు, పేరు, మండలం.
ఖరీదుదారు: వరుస నంబరు, పేరు, లైసెన్సు నంబరు.
తక్‌పట్టీ: వరుస నంబరు, సీజన్, పుస్తకం నంబరు, చీటీ నంబరు, తేదీ, రైతు నంబరు, చీటీ మీద రాసిన మొత్తం.
కాంటా: తక్‌పట్టీ వరుస నంబరు, లాట్, సరుకు, రకం, బస్తాలు, స్థూల గ్రాములు, తరుగు గ్రాములు, తేమ, రేటు, ఖరీదుదారు నంబరు.
కోత: తక్‌పట్టీ వరుస నంబరు, కోత పేరు, పైసలు.
చెల్లింపు: తక్‌పట్టీ వరుస నంబరు, తేదీ, పైసలు, నగదా బ్యాంకా.

చీటీ నంబరును నేరుగా ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే విలువ) చేయకండి. కొత్త పుస్తకం తెరిస్తే నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. కంప్యూటర్ ఇచ్చే వరుస నంబరును కీగా పెట్టి, సీజన్, పుస్తకం, చీటీ మూడూ కలిపి మళ్లీ రాకుండా యూనిక్ షరతు పెట్టండి. ఒకే చీటీని ఇద్దరు వేర్వేరు రోజుల్లో ఎక్కించే పొరపాటు దీనితో అక్కడికక్కడే ఆగిపోతుంది.

రైతు పేరు కూడా కీ కాదు. ఒకే ఊర్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురుండడం మామూలే. పట్టాదారు పాస్‌పుస్తకం నంబరు బాగానే కనిపిస్తుంది గానీ కౌలు రైతు పేరు మీద అది ఉండదు. అందుకని సొంత నంబరు ఇచ్చి, తండ్రి పేరు, ఊరు, ఫోనుతో గుర్తుపట్టండి. ఈ పనికి ఆధార్ నంబరు అవసరం లేదు, కాబట్టి తీసుకోవద్దు, దాచవద్దు.

"చీటీ మీద రాసిన మొత్తం" అనే కాలమ్ పైన చెప్పిన నియమానికి విరుద్ధం కదా అనిపించవచ్చు. రైతు చేతికి ఇచ్చిన కాగితం మీద ఉన్న అంకె కూడా జరిగిన సంగతే. దాన్ని లెక్కల్లో వాడకూడదు. కాంటా నుంచి కట్టిన మొత్తంతో పోల్చి చూడడానికే ఉంచుతున్నాం. తేడా వచ్చిన ప్రతి చీటీనీ బయటికి తీసి చూడాలి.

కమీషన్, హమాలీ రేట్లు మారుతుంటాయి. ఈరోజు రేటును ఫార్ములాలో పెట్టేస్తే రేటు మారిన రోజు పాత తక్‌పట్టీలన్నీ తప్పుగా కనిపిస్తాయి. అందుకే ఆ రోజు నిజంగా కోసిన మొత్తాన్నే కోత టేబుల్‌లో రాయమన్నాం. ఫలానా రోజు అమల్లో ఉన్న రేటుతో సరిచూడాలనుకుంటే "ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు" కాలమ్‌లతో రేట్ల టేబుల్ అదనంగా పెట్టుకోవచ్చు.

జిల్లాల సంగతీ అంతే. పరకాల మండలం 2016 అక్టోబరు దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలో, తర్వాత వరంగల్ రూరల్‌లో, 2021 ఆగస్టు నుంచి హనుమకొండ జిల్లాలో ఉంది. రైతు టేబుల్‌లో జిల్లా పేరు నేరుగా రాసేస్తే ఒకే ఊరి సరుకు మూడు జిల్లాల కింద చీలిపోతుంది. మండలం వరకే రాసి, మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో వేరే టేబుల్‌లో పెట్టండి. గ్రామ కోడు కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడు వాడితే మంచిది. ములుగు జిల్లాలో వెంకటాపూర్ మండలమూ ఉంది, వెంకటాపురం మండలమూ ఉంది. పేరు మీద ఆధారపడితే ఏదో ఒక రోజు రెండూ కలిసిపోతాయి.

అంకెలు, తేదీలు

తేదీని ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-02-14 అని రాయండి. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు, అక్షరాలుగానే దాస్తుంది. 14/02/2025 అని రాస్తే వరుస పెట్టేటప్పుడు ముందు రోజును చూస్తుంది కాబట్టి మార్చి 3, ఫిబ్రవరి 14 కంటే ముందొస్తుంది. మధ్య తేదీలు అడిగినా తప్పు జవాబే.

డబ్బును పైసల్లో, బరువును గ్రాముల్లో, తేమను శాతంలో పదో వంతుల్లో (8.5 శాతం అయితే 85) పూర్ణ సంఖ్యలుగా దాచండి. దశాంశాలను కంప్యూటర్ ద్విసంఖ్యల్లో దాస్తుంది, 0.1 అందులో సరిగ్గా పట్టదు. 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే కాదంటుంది. ఒక్క చీటీలో కనిపించని ఈ తేడా సీజన్ మొత్తం కూడితే ఖాతా సరిపోకుండా చేస్తుంది.

రేటు క్వింటాలుకు రూపాయల్లో, బరువు గ్రాముల్లో ఉంటే, పైసల్లో మొత్తం రావాలంటే గ్రాములను రేటుతో గుణించి 1,000తో భాగించాలి. 41,250 గ్రాములు, రేటు 14,000 అయితే 5,77,500 పైసలు, అంటే 5,775 రూపాయలు. ఇక్కడ ఒక చిక్కుంది. రెండు పూర్ణ సంఖ్యలను భాగిస్తే ఎస్‌క్యూలైట్ మిగిలిన భాగాన్ని వదిలేస్తుంది, 7ను 2తో భాగిస్తే 3 అంటుంది. మొత్తం దగ్గర గుణించాక 500 కలిపి ఆ తర్వాత భాగిస్తే దగ్గరి పైసకు సరిపోతుంది. శాతాలు తీసేటప్పుడు 1.0తో గుణించండి. లేకపోతే 60 లాట్లలో 45 అమ్ముడుపోతే ఎంత భాగం అని అడిగినా సున్నా వస్తుంది.

ఎస్‌క్యూలైట్ స్వభావం కొంచెం మెతక. అంకెల కాలమ్‌లో "పదివేలు" అని టైప్ చేసినా దాచుకుంటుంది. 3.37 వెర్షన్ నుంచి టేబుల్ తయారుచేసేటప్పుడు చివర స్ట్రిక్ట్ అని రాస్తే ఇది కుదరదు. తప్పకుండా రాయండి. దాంతోపాటు చెక్ షరతులు పెట్టండి: తరుగు సున్నా కంటే తగ్గకూడదు, స్థూల బరువు తరుగు కంటే ఎక్కువ ఉండాలి, రేటు 1,000కి తగ్గకూడదు. బస్తాకు సగటు బరువు లాంటి వాటికి మాత్రం గట్టి షరతు వద్దు. మిర్చి బస్తా 40 కిలోల చుట్టుపక్కల ఉంటుంది గానీ తాలు (నాసిరకం కాయ) బస్తా తేలిగ్గా ఉండొచ్చు. 25 కిలోల లోపు, 60 కిలోల పైన వచ్చినవాటిని అనుమానపు జాబితాగా రోజూ సాయంత్రం తీసి చూస్తే చాలు.

తెలుగు పేర్లతో వచ్చే తిప్పలు

ఎక్కువ మంది ఇరుక్కుపోయేది ఇక్కడే. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటర్‌కు వేర్వేరు కావచ్చు.

ఘన్‌పూర్ అని రాసేటప్పుడు న-పొల్లుకూ ప-కూ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పెడతాం, లేకపోతే అది ఘన్పూర్ అని ఒత్తుగా మారుతుంది. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పదం చివర పొల్లు తర్వాత కూడా కొన్ని కీబోర్డులు దాన్ని అలవాటుగా పెట్టేస్తాయి. ఒకరు సంతోష్ అని ఆ గుర్తుతో, ఇంకొకరు గుర్తు లేకుండా టైప్ చేస్తే తెర మీద తేడా తెలియదు, కానీ గ్రూప్ బై (ఒకే విలువ ఉన్న వరుసలను ఒక గుంపుగా కలిపే ఆదేశం) చేస్తే రెండు వరుసలు వస్తాయి. రెండో చిక్కు ఐత్వం. యూనికోడ్‌లో "రై"లోని ఐత్వానికి ఒకే కోడు ఉంది, ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు తగిలించినా అదే రూపం వస్తుంది. రెండూ యూనికోడ్ ప్రకారం సమానమే, కానీ ఎస్‌క్యూలైట్ బైట్లను పోలుస్తుంది కాబట్టి దానికి సమానం కావు.

మందు ఇది. పేరు కాలమ్ పక్కన "వెతికే పేరు" అని ఇంకో కాలమ్ పెట్టండి. ప్రోగ్రాములు రాసే భాష అయిన పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో పేరును ఒక్కో అక్షరానికి ఒకే తీరు కోడు ఉండే ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చి, కనబడని గుర్తులన్నీ తీసేసి, ముందూ వెనకా ఉన్న ఖాళీలు కత్తిరించి అందులో పెట్టాలి. చూపించేది మొదటి కాలమ్, వెతికేది రెండోది. ఎస్‌క్యూలైట్‌కు ఈ పని సొంతంగా రాదు. అనుమానం వచ్చిన పేరు మీద లెంగ్త్ అని అడిగి చూడండి. వరంగల్‌కు 6 రావాలి: వ, ర, సున్న, గ, ల, పొల్లు. 7 వస్తే కనబడనిదేదో లోపల ఉంది.

హన్మకొండ, హనుమకొండ లాంటి తేడాలను ఏ యూనికోడ్ మంత్రమూ కలపలేదు. దానికి మారుపేర్ల టేబుల్ పెట్టాలి: రాసిన తీరు ఒక కాలమ్, గ్రామ కోడు రెండో కాలమ్. కొత్త రాత ఎదురైన ప్రతిసారీ అందులో ఒక వరుస కలుస్తుంది, నెలరోజులయ్యేసరికి కొత్తవి రావడం దాదాపు ఆగుతుంది.

పాత డేటా అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటే అది యూనికోడే కాదు. ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు వేసినట్టు ఉంటుంది, కాపీ చేస్తే చెత్త వస్తుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులున్న పేర్లను చేత్తో సరిచూసి ఆ తర్వాతే ఎక్కించండి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిచినా తెలుగు పాడై కనిపించవచ్చు. డేటా మెనూ నుంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. లాట్ నంబరు 1-2 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేయండి.

ఎక్కించడం

చీటీలను 50 చొప్పున కట్టలు కట్టండి. ఎక్కించే ముందే కాలిక్యులేటర్‌తో ప్రతి కట్టకూ చీటీల సంఖ్య, మొత్తం బస్తాలు, మొత్తం కిలోలు కూడి కట్ట మీద రాయండి. ఎక్కించాక డేటాబేస్‌ను అవే మూడు అడగండి. సరిపోకపోతే తేడాను 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే చాలాసార్లు పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి: 13,400 బదులు 14,300 పడితే తేడా 900.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఫైలు తెరిచిన ప్రతిసారీ ముందుగా ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్ అని ఇవ్వాలి. ఎస్‌క్యూలైట్‌లో ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఒకసారి ఆన్ చేస్తే గుర్తుండదు కూడా. ఇవ్వకపోతే లేని రైతు నంబరుతో తక్‌పట్టీ ఎక్కినా నోరు మెదపదు. రెండోది, తక్‌పట్టీ, దాని లాట్లు, కోతలు అన్నీ బిగిన్‌కూ కమిట్‌కూ మధ్య ఒకే ట్రాన్సాక్షన్‌గా వెళ్లాలి. మధ్యలో కరెంటు పోతే మొత్తం ఎక్కుతుంది, లేదా ఏదీ ఎక్కదు. సగం చీటీ మిగలదు. వేగమూ దీనిలోనే ఉంది. ట్రాన్సాక్షన్ లేకుండా పంపితే ప్రతి వరుసకూ డేటా డిస్కు మీద పడిందని నిర్ధారించుకునే దాకా ఆగుతుంది, పాత హార్డ్ డిస్కులో పది వేల వరుసలకు నిమిషాలు పడుతుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే క్షణాల్లో అయిపోతుంది.

ప్రశ్నలు అడగడం, జవాబులు తప్పే చోట్లు

సగటు ధరతో మొదలుపెడదాం. 16 క్వింటాళ్లు 14,000కు, 2 క్వింటాళ్లు 9,000కు పోయాయి. ఏవీజీ (మామూలు సగటు తీసే ఆదేశం) అని అడిగితే 11,500 అంటుంది. రైతులకు నిజంగా పడిన సగటు 13,444 రూపాయలు, ఎందుకంటే ఎక్కువ సరుకు ఎక్కువ రేటుకే పోయింది. బరువును లెక్కలోకి తేవాలంటే ఇలా అడగాలి:

సెలెక్ట్ రకం, సమ్((స్థూల_గ్రాములు - తరుగు_గ్రాములు) * రేటు) * 1.0 / సమ్(స్థూల_గ్రాములు - తరుగు_గ్రాములు) ఫ్రమ్ కాంటా వేర్ రేటు ఈజ్ నాట్ నల్ గ్రూప్ బై రకం;

రేటు ఈజ్ నాట్ నల్ అనేది అమ్ముడుపోని లాట్ల కోసం. వాటి రేటు నల్ అయినా బరువు కింది కూడికలో కలుస్తుంది, సగటు ఊరికే తగ్గిపోతుంది. నల్ అంటే సున్నా కాదు, తెలియదని అర్థం. అమ్ముడుపోని లాట్‌కు రేటు సున్నా అని రాసే అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి.

ఇక అందరినీ ముంచే తప్పు. ఒక తక్‌పట్టీలో మూడు లాట్లు: 60,000, 50,000, 40,000. మొత్తం లక్షన్నర. రైతుకు రెండు విడతల్లో లక్ష, యాభై వేలు ఇచ్చారు, బాకీ లేదు. తక్‌పట్టీని కాంటాతో, చెల్లింపుతో కలిపి జాయిన్ చేసి ఒకేసారి కూడితే సరుకు విలువ 3,00,000, చెల్లింపు 4,50,000 వస్తుంది. మూడు లాట్ల వరుసలు రెండు చెల్లింపులతో జతకట్టి ఆరు వరుసలు అయ్యాయి. ప్రతి లాటూ రెండుసార్లు, ప్రతి చెల్లింపూ మూడుసార్లు లెక్కలోకొచ్చింది. డిస్టింక్ట్ (మళ్లీ వచ్చిన విలువలను తీసేసే ఆదేశం) అని అతుకు వేస్తే ఒకే విలువ ఉన్న రెండు లాట్లలో ఒకటి మాయమవుతుంది, అది ఇంకా ప్రమాదం. సరైన దారి ఒకటే: విత్ వాడి కాంటాను తక్‌పట్టీ వారీగా ముందే కూడి ఒక వరుస చేయండి, కోతలను, చెల్లింపులను కూడా అలాగే చేయండి, ఆ తర్వాత జత లేకపోయినా ఎడమవైపు టేబుల్ వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్‌తో కలపండి. చెల్లింపే లేనివారికి నల్ వస్తుంది కాబట్టి కోలెస్‌తో సున్నా చేయాలి, లేకపోతే అసలు ఏమీ ఇవ్వని రైతు బాకీయే జాబితాలో ఖాళీగా కనిపిస్తుంది.

"కిందటేడు వచ్చి ఈ ఏడు రాని రైతులు" లాంటి ప్రశ్నకు నాట్ ఇన్ వాడకండి. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా మొత్తం జవాబు ఖాళీ అవుతుంది. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. లెఫ్ట్ జాయిన్ వాడితే కుడివైపు టేబుల్ మీద పెట్టే షరతు ఆన్‌లో ఉండాలి. వేర్‌లో పెడితే జత లేని రైతులు రాలిపోతారు.

ఖాతాలో తేదీ వారీ నడిచే బాకీ కోసం విండో ఫంక్షన్లు ఉన్నాయి, 3.25 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్‌లో వస్తున్నాయి. సమ్(పైసలు) ఓవర్ (పార్టిషన్ బై రైతు ఆర్డర్ బై తేదీ) అంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఒకే రోజు రెండు పద్దులుంటే రెండింటి దగ్గరా రోజు చివరి మొత్తమే వస్తుంది, ఒకే తేదీ ఉన్న వరుసలను అది ఒక జట్టుగా చూస్తుంది. ఆర్డర్ బైలో తేదీ తర్వాత వరుస నంబరు కూడా చేర్చితే ఒక్కో పద్దుకూ విడిగా బాకీ వస్తుంది.

పత్తిని క్యాలెండర్ ఏడాది ప్రకారం కూడకండి, డిసెంబరు 31 దగ్గర సీజన్ రెండు ముక్కలవుతుంది. పత్తి సీజన్ అక్టోబరు నుంచి సెప్టెంబరు. తేదీ నుంచి 9 నెలలు తీసి ఆ సంవత్సరాన్ని చూస్తే సీజన్ మొదలైన ఏడు వస్తుంది: 2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 దాకా ప్రతి తేదీకీ 2024 అనే వస్తుంది.

మద్దతు ధరతో, జెండా పాటతో పోల్చడం

పొడవు పింజ పత్తికి మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 7,521, 2025-26లో 8,110 రూపాయలు. ఇది 8 శాతం తేమకు. ఆపైన 12 శాతం దాకా ప్రతి శాతానికీ ధరలో 1 శాతం చొప్పున సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ) కోస్తుంది, 12 దాటితే కొనదు. అంటే 2025-26లో 9 శాతం తేమకు 8,028.90, 12 శాతానికి 7,785.60. ప్రైవేటు ఖరీదుదారు ఇచ్చిన రేటును నేరుగా 8,110తో పోల్చడం సరికాదు, ఆ లాట్ తేమకు వచ్చే మద్దతు ధరతో పోల్చాలి. సీజన్ వారీ మద్దతు ధర టేబుల్ పెట్టి, ప్రతి లాట్‌కూ తేమ ప్రకారం ధర కట్టి, అంతకంటే తక్కువకు పోయినవాటిని ఊరి వారీగా కూడండి. 12 దాటిన లాట్లను వేరే గుంపుగా చూపండి. రైతులకు ఈ డేటాబేస్ చేసే అసలు మేలు ఈ ఒక్క నివేదికలోనే ఉంది. సరుకు ఆరబెట్టి తెస్తే ఎంత మిగులుతుందో తమ ఊరి అంకెల్లో కనబడుతుంది.

తేమను పక్కనబెట్టి వారాల సగటులు పోలిస్తే మోసపోతాం. వాన పడిన వారం సగటు పడిపోతే మార్కెట్ పడిందనిపిస్తుంది, నిజానికి తడి సరుకు ఎక్కువ వచ్చి ఉంటుంది. తేమను 8 లోపు, 8 నుంచి 12, 12 పైన అని మూడు గుంపులు చేసి ఒక్కో గుంపులో వారాలను పోల్చండి.

మిర్చిలో జెండా పాట ధర మరుసటి రోజు పేపర్లో వస్తుంది, రైతు ఆ ఆశతోనే బస్తాలు వేసుకొస్తాడు. అది ఆ రోజు మేలు రకం లాట్‌కు పలికిన ధర. జెండా ధరకు చిన్న టేబుల్ పెట్టి (తేదీ, సరుకు, రకం, రేటు), మీ లాట్లలో ఎంత శాతం బరువు ఆ ధరకు 90 శాతం పైన పోయిందో, ఎంత 70 శాతం లోపు పోయిందో తీయండి. సగటు ఒక్కటే చెబితే ఈ చీలిక కనిపించదు. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ వారీగా రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు దొరుకుతాయి. మీ సగటును పోల్చాల్సింది మోడల్ ధరతో, అంటే ఎక్కువ సరుకు పోయిన ధరతో. తేజ, వండర్ హాట్, చపాట ధరలు ఒకదానికొకటి పోలికే ఉండవు కాబట్టి రకాలు కలిపి పోల్చడంలో అర్థం లేదు.

నెమ్మదిస్తే ఇండెక్స్

మొదటి సీజన్‌లో ఇండెక్స్‌ల ఊసే అక్కర్లేదు. పుస్తకం చివరి సూచికలాగా వెతుకులాటను వేగం చేసేదే ఇండెక్స్. చీటీలు పెరిగి ప్రశ్నకు జవాబు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంటే ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అని ముందు చేర్చి అడగండి. స్కాన్ అని వస్తే టేబుల్ మొత్తం చదువుతోంది, సెర్చ్ అని వస్తే ఇండెక్స్ పట్టుకుంది.

ఎస్‌క్యూలైట్ ఇండెక్స్ బీ-ట్రీ పద్ధతిది. బోయింగ్‌లో పనిచేస్తుండగా రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని కనిపెట్టారు. ఫైలులో పేజీ మామూలుగా 4,096 బైట్లు. తేదీ, వరుస నంబరు లాంటి చిన్న కీ 20 బైట్లనుకుంటే పేజీకి దాదాపు 200 పడతాయి. మూడు మెట్లు దిగేసరికి 200 సార్లు 200 సార్లు 200, అంటే 80 లక్షల వరుసల్లోంచి కావాల్సింది దొరుకుతుంది. మూడు పేజీలు చదివితే చాలు.

కాలమ్‌ల వరుస ముఖ్యం. రైతు, తేదీ అని కట్టిన ఇండెక్స్ "ఈ రైతు ఫిబ్రవరి చీటీలు" అనే ప్రశ్నకు బాగా పనిచేస్తుంది, "ఫిబ్రవరిలో అందరివీ" అంటే పెద్దగా పనికిరాదు. తేదీ మీద ఫంక్షన్ పెట్టి సంవత్సరం తీసి పోల్చినా ఇండెక్స్ వదిలేస్తుంది. తేదీ 2025-02-01కి తక్కువ కాకుండా, 2025-03-01కి లోపు అని నేరుగా అడగండి. అన్ని కాలమ్‌లకూ ఇండెక్స్ కట్టకండి, చీటీ ఎక్కించినప్పుడల్లా ప్రతి ఇండెక్స్‌నూ దిద్దాలి.

ఫైలు భద్రం

డేటాబేస్ తెరిచి ఉండగా ఫైలును కాపీ చేస్తే సగం రాసిన స్థితి కాపీ కావచ్చు. వాక్యూమ్ ఇంటూ ఆదేశంతో తేదీ పేరు పెట్టి కొత్త ఫైలు తీయండి, 3.27 వెర్షన్ నుంచి ఉంది. ఒకటి దుకాణంలో పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉంచండి. ఆన్‌లైన్‌లో పెట్టేదాన్ని పాస్‌వర్డ్‌తో మూసి పెట్టండి, అందులో రైతుల ఫోన్ నంబర్లున్నాయి. దుకాణంలో రెండు కంప్యూటర్లుంటే ఒకే ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి రెండింటి నుంచీ రాయకండి. నెట్‌వర్క్ మీద ఫైలు తాళాలు నమ్మకంగా పనిచేయవు, ఫైలు పాడవుతుంది. ఇద్దరు ఒకేసారి ఎక్కించాల్సిన స్థాయి వస్తే సర్వర్ మీద నడిచే మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌కు మారాలి. టేబుళ్లు పైన చెప్పినట్టే కట్టి ఉంటే అవే టేబుళ్లు, దాదాపు అవే ప్రశ్నలు అక్కడా నడుస్తాయి, తేదీ ఫంక్షన్లు మాత్రం మార్చుకోవాలి.

వారానికోసారి బ్యాకప్ ఫైలును వేరే కంప్యూటర్లో తెరిచి, ప్రాగ్మా ఇంటిగ్రిటీ_చెక్ ఇచ్చి ఓకే వస్తుందో లేదో చూడండి. ఆ తర్వాత చివరి కట్ట మీద రాసిన చీటీలు, బస్తాలు, కిలోలు మూడూ అక్కడా సరిపోతున్నాయో అడగండి.